మైకమ్మ ప్రార్థన

"పోనీ, అది నువ్వు కాదని చెప్పేయ్ పిన్నీ. ఫోనులో ఏదో మోగిందని చెప్పు. లేకపోతే బడిలో మా పిల్లని బతకనివ్వరు."

మాట బయటపడ్డాక గానీ తాను అడుగుతున్నదేమిటో అతనికి తెలిసిరాలేదు. పిన్ని తిరిగి చూడలేదు. టీ మరుగుతుంటే మంట తగ్గించి, గిన్నె మీద మూత పెట్టింది.

"బతకనివ్వకపోవడమంటే ఏం చేస్తార్రా?"

"నవ్వుతారు. ఇప్పటికే నవ్వుతున్నారు. మొన్న భోజనం డబ్బా ముందు కళ్ళు మూసుకుంటే, తెరిచేలోపు పక్కవాడు దీని బిస్కెట్ తినేశాడట. అప్పట్నుంచి ఒక కన్ను తెరిచి పెట్టుకుని ప్రార్థన చేస్తోంది. ఒంటికన్ను ప్రార్థన దేవుడు వింటాడా నాన్నా అని నన్నడుగుతోంది."

పిన్ని నవ్వింది. "బిస్కెట్ కాపాడుకోవడం నేర్చుకుంది. బాగుపడుతుంది."

"నాకు నవ్వు రావడం లేదు."

"నీకెప్పుడొచ్చింది గనక. నీళ్ళలో పురుగులు వెతికే ఉద్యోగం నీది. నిండు గ్లాసు చూస్తే చాలు, నీకు గుండెదడ."

అందులో కొంత నిజం లేకపోలేదు. నగరానికి నీళ్ళు పంపే సంస్థలో, పరీక్షల గదిలో అతని పని. సూక్ష్మజీవుల చదువు చదివాడు. కంటికి కనపడనిది ఎంత కీడు చెయ్యగలదో రోజూ గాజు పళ్ళేల్లో చూస్తాడు గనక, ఆరేళ్ళ కూతురి చుట్టూ కూడా అలాంటివే ఊహించుకుంటూ ఉంటాడు. దగ్గు వస్తే ఒక భయం, రాకపోతే ఇంకో భయం. దేవుడి విషయంలోనూ అంతే. భక్తి నేర్పితే పిల్ల పదిమందిలో నవ్వులపాలవుతుందని బెంగ, నేర్పకపోతే ఆ పసిమనసుకి రేపు ఆసరా ఏముంటుందని బెంగ. తాను మాత్రం ఆదివారం ఆరాధనకు వెళ్తాడు, పనిచేసే చోట ఆ ఊసెత్తడు. ప్రార్థన అతనికి పళ్ళు తోముకోవడం లాంటిది. రోజూ చేస్తాడు, ఎవరి ముందూ చెయ్యడు.

అతనికి ప్రార్థన నేర్పింది ఈ పిన్నే. తల్లి పోయినప్పుడు అతను పాలపళ్ళు ఊడే వయసువాడు. తల్లి చెల్లెలు వచ్చి, చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, తన ఇంట్లో ఒక మంచం వేసింది. అప్పటికి ఆమెకు కొత్తగా పెళ్ళయింది. భర్త బస్‌స్టేషన్ షెడ్డులో ఇంజన్లు విప్పే మెకానిక్. నాలుగేళ్ళు తిరక్కుండానే ఆయన జబ్బు చేసి పోయాడు. ఆయన ఉద్యోగానికి బదులు ఈమెకు ఏదో ఒకటి ఇవ్వాలని పై అధికారులు ఆలోచిస్తుంటే, చర్చి సంఘంలో ఈమె పాట విన్న గుమాస్తా ఒకాయన, గొంతు బాగుంటుంది, మైకు దగ్గర కూర్చోబెట్టండి అన్నాడట. అలా ఆమె మైకమ్మ అయింది. అసలు పేరు జీతాలిచ్చే గదిలో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు.

మైకు గది అంటే పెద్ద గదేమీ కాదు. ప్లాట్‌ఫారాల చివర, మెట్ల కింద, ఒక బల్లా ఒక కుర్చీ పట్టేంత చోటు. ముందు గాజు అద్దం. అద్దంలోంచి బస్సుల ముక్కులు వరసగా కనపడతాయి. చిన్నప్పుడు బడి వదలగానే అతను అక్కడికే వచ్చి, బల్ల కింద కూర్చుని లెక్కలు చేసుకునేవాడు. ఆమె కాళ్ళు మాత్రమే కనపడేవి. గొంతు స్టేషనంతా వినపడేది. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం నుంచి, ఎంత ఆలస్యంగా బయలుదేరుతుందో ఆమె చెప్పాక, మైకు మీట టక్కుమని పైకి లేచేది. ఆ తరవాత ఇంకో మాట వినపడేది. అది అతనొక్కడికే. "ప్రభువా, ఈ బండి నీ చేతిలో ఉంది."

ప్రతి బస్సుకీ ఒక మాట. ఒక్కోసారి రెండు మాటలు. డ్రైవరు ఇంటి సంగతి తెలిస్తే ఇంకాస్త.

ఈ అలవాటు ఎందుకు పట్టిందో ఆమె ఒక్కసారే చెప్పింది. మైకు దగ్గర చేరిన కొత్తలో ఆమె పిలిచిన బస్సొకటి కొండదారిలో లోయలోకి జారింది. ఆ మధ్యాహ్నం చివరి పిలుపు అని ఆమె తొందరపెడితే, పరుగెత్తుకుంటూ వచ్చి ఎక్కిన ఒకావిడ తిరిగి రాలేదు. అప్పటికి భర్త పోయిన దుఃఖం ఇంకా పచ్చిగానే ఉంది. కొన్నాళ్ళు సంఘానికి కూడా పోలేదు. పాస్టరు గారు ఇంటికి వస్తే తలనొప్పని చెప్పి పంపించేసింది. ఒక ఆదివారం ఎవరూ పిలవకుండానే వెళ్ళి, వెనక బల్ల మీద కూర్చుంది. మర్నాటి నుంచి బస్సులకు ప్రార్థన మొదలుపెట్టింది.

కాలేజీలో చేరిన కొత్తలో, చదువు తలకెక్కి, అతను అడిగాడు. "నువ్వు ప్రార్థన చెయ్యడం మొదలుపెట్టాక ప్రమాదాలు జరగలేదా పిన్నీ?"

"ఎందుకు జరగలేదు? జరిగాయి."

"మరి?"

"మరేముంది. లెక్క సరిపోతుందో లేదో చూడ్డానికి చెయ్యడం లేదు కదరా. వాళ్ళని ఎక్కమన్నది నేను. ఎక్కించి మొహం తిప్పుకోలేను."

అప్పుడు ఆ జవాబు అతనికి జవాబులా అనిపించలేదు.

ఇక ఇప్పటి గొడవ. పాత మైకు మీట బొటనవేలితో అదిమి పట్టుకున్నంతసేపే పలికేది. వేలు తీస్తే నోరు మూసుకునేది. ఆ మైకు ముసలిదైపోయిందని ఈ మధ్య కొత్తది తెచ్చి పెట్టారు. ఇందులో మీట ఒకసారి నొక్కితే మొదలవుతుంది, మళ్ళీ నొక్కితేనే ఆగుతుంది. పెట్టినవాడు వివరంగానే చెప్పాడు. ఆమె తల ఊపింది కూడా. కానీ ఇన్నేళ్ళూ వేలు పైకి తీయడమే ఆపడం అని నేర్చుకున్న చెయ్యి అది. పనిలో పడ్డాక తల ఊపిన సంగతి చేతికి ఎవరు చెబుతారు?

రెండో రోజు పొద్దున్న, ఏడో ప్లాట్‌ఫారం బస్సు బయలుదేరబోతోందని చెప్పి, ఆమె వేలు తీసేసింది. తీసి, అలవాటు ప్రకారం కళ్ళు మూసుకుంది. మైకు మూసుకోలేదు.

"ప్రభువా, ఈ బండి నీ చేతిలో ఉంది. డ్రైవరుకి రాత్రి కంటిమీద కునుకు లేదు, బిడ్డకి జ్వరం. అతని కళ్ళు మూతపడకుండా నువ్వే చూడాలి. కండక్టరు నోటిదురుసు నీకు తెలియనిది కాదు, ఇవాళ్టికైనా కాస్త తగ్గించు. కిటికీ పక్కన ఏడుస్తూ కూర్చున్న ఆ అమ్మాయిని వెళ్ళినచోట ఎవరైనా చేరదియ్యాలి. ఆమేన్."

ఏడో ప్లాట్‌ఫారం దగ్గర సందడి మొదలైంది. డ్రైవరు నిద్రపోలేదని విన్న జనం సంచులతో సహా దిగిపోతున్నారు. ఏడుస్తున్న అమ్మాయి మొహం కప్పుకుంది. కండక్టరు మెట్టు మీద నిలబడి, దేవుడు ఇంకా తగ్గించని నోటితో ఏదో అంటున్నాడు. పిన్ని కళ్ళు తెరిచి అద్దంలోంచి చూసింది. జనం ఎందుకు దిగుతున్నారో అర్థం కాక, "ప్రయాణికులు దయచేసి కూర్చోవాలి" అంది. అదీ వినపడింది. అప్పుడర్థమైంది.

ఎవరో కుర్రాడు అదంతా ఫోనులో పట్టాడు. సాయంత్రానికి ఊరూవాడా అదే. ప్రార్థనకి వెనక డప్పులు కలిపినవాళ్ళు కొందరు, కండక్టరు బొమ్మ గీసి నోటికి తాళం వేసినవాళ్ళు కొందరు. మైకమ్మ పేరు పోయి ఆమేనమ్మ అయింది. అతని కూతురి తరగతిలో ఎవరో, ఆమేనమ్మ మీ నాయనమ్మేనటగా అన్నారు.

మర్నాడు స్టేషను మేనేజరు స్వయంగా ఆమె ఇంటికి వచ్చి ఒక దారి చెప్పి వెళ్ళాడు. బల్ల మీద ఫోను పెట్టుకున్నాననీ, అందులో ఏదో మోగితే మైకు పట్టేసిందనీ, ఆ గొంతు తనది కాదనీ చెబితే చాలు. పైవాళ్ళకి అదే రాసి పంపిస్తాడు. నాలుగు రోజులు పోతే జనం మరిచిపోతారు. మైకూ ఆమెదే, కుర్చీ ఆమెదే.

అందుకే అతను ఇప్పుడు పిన్ని వంటగదిలో నిలబడి బతిమాలుతున్నాడు.

"నీ ఉద్యోగం పోతే ఎలా?" అన్నాడు మళ్ళీ.

"టీ తాగు. చల్లారిపోతోంది."

"ఏం చెప్పబోతున్నావో చెప్పు."

"పొద్దున్న లేచాక నోట్లో ఏది నిజమనిపిస్తే అది. రేపు సెలవు పెట్టి వస్తే వినొచ్చు."

వెళ్ళాడు. మేనేజరు గదిలో ఒక పక్క డ్రైవరు, ఒక పక్క కండక్టరు నిలబడి ఉన్నారు. ఆమె మేనేజరు కంటే ముందు డ్రైవరు వైపు తిరిగింది.

"బాబూ, బిడ్డకి ఎలా ఉంది?"

డ్రైవరు పెద్దగా కోప్పడే మనిషి కాదు. అందుకేనేమో, ఆ మాట ఇంకా బరువుగా పడింది. "తగ్గిందక్కా. నేను నీతో చెప్పుకున్నది నీ దేవుడికి చెప్పుకో, కాదనను. ఊరందరికీ ఎందుకు చెప్పావు? బండి మీంచి దింపేశారు నన్ను. మా ఆవిడ బజారుకి పోతే, మీ ఆయన నిద్రపోయాడా అని అడుగుతున్నారు."

పిన్ని రెండు చేతులూ జోడించి అలాగే నిలబడింది. ఆమె అలా నిలబడటం అతను ఎప్పుడూ చూడలేదు.

"నా సంగతో?" అన్నాడు కండక్టరు. "టిక్కెట్టు అడిగితే, ముందు ఆమేన్ అను అంటున్నారు నన్ను. చిల్లర లేదని చెప్పడానిక్కూడా మెత్తగా చెప్పాల్సి వస్తోంది."

"కొంచెం తగ్గింది కదరా అయితే," అంది ఆమె, చేతులు దించకుండానే. మేనేజరు నవ్వాపుకోవడానికి కిటికీలోంచి బయటికి చూశాడు.

తరవాత ఆయన గొంతు సవరించుకున్నాడు. "చూడండమ్మా, నాకు మీ మీద కోపం లేదు. కానీ ఇది అన్ని రకాల నమ్మకాల వాళ్ళూ ఎక్కే బండి. ఇలాంటివి మైకులో రాకూడదు."

"నిజమే సార్. రాకూడదు."

"మరైతే నేను చెప్పినట్టు రాసేస్తాను."

"మీట ఆపకపోవడం నా తప్పు సార్. ఈ బాబు ఇంటి గుట్టు వీధిన పెట్టాను, అది ఇంకా పెద్ద తప్పు. ఈ రెండిటికీ ఏ శిక్ష వేసినా పడతాను. ఆ గొంతు నాది కాదని మాత్రం అనలేను."

"ఆ ఒక్కమాటే కదమ్మా నేనడిగేది."

"ఇన్నేళ్ళలో ఈ మైకులో నేను అబద్ధం చెప్పలేదు. బండి ఆలస్యమైతే ఆలస్యమనే చెప్పాను. వస్తోందని చెప్పండమ్మా, జనం అరుస్తున్నారు అని మీరన్నప్పుడు కూడా. ఇప్పుడు ఆ ప్రభువుతో మాట్లాడింది నేను కాదని అంటే, రేపట్నుంచి ఏ మొహంతో మాట్లాడను?"

వెనక నిలబడి వింటున్న అతనికి తల కొట్టేసినట్టయింది. రాత్రంతా ఆమె చేత ఏ మాట చెప్పించాలని మనసులో కూడబలుక్కున్నాడో, ఆ మాట ఇప్పుడు నాలుక మీద చేదుగా తగిలింది. అయినా భయం పోలేదు. సిగ్గూ భయమూ ఒకే గదిలో, ఒకే కుర్చీ మీద కూర్చున్నట్టుంది.

ఆమెను ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. సామాన్ల గదికి మార్చారు. ప్రయాణికులు మూటలు దాచుకునే చోటు అది. అద్దం లేదు, బస్సులు కనపడవు. ఇనుప అరలు, పాత తోలు వాసన, ఎవరూ తీసుకుపోని గొడుగుల గుట్ట. మైకు గదిలో మనిషి అక్కర్లేకుండా పోయింది. రికార్డు చేసిన గొంతు ఒకటి తెచ్చి పెట్టారు. ఆ గొంతుకు తొందర లేదు, జలుబు లేదు, ఎవరి మీదా కనికరమూ లేదు.

మొదటి వారాలు కష్టంగానే గడిచాయి. పనిలేని కుర్రాళ్ళు కౌంటరు ముందుకొచ్చి, "ఆమేనమ్మా, మా సూట్‌కేసుకి ఒక ప్రార్థన" అనేవాళ్ళు. ఆమె చీటీ చింపి ఇస్తూ, "సూట్‌కేసుకి అక్కర్లేదు నాయనా, మోసేవాడికి కావాలి" అనేది. నవ్వుకుంటూ వెళ్ళిపోయేవాళ్ళు. ఒకరోజు వీడియోలు తీసే అబ్బాయి వచ్చాడు. రోజూ పొద్దున్న ఒక బస్సు ముందు నిలబడి అలాంటి ప్రార్థనే చెయ్యమనీ, తాను తీసి పెడతాననీ, ఇప్పుడు వెక్కిరించేవాళ్ళే రేపు చేతులు జోడిస్తారనీ అన్నాడు. సంఘంలో కూడా ఇద్దరు ముగ్గురు, మంచిదే కదా, సాక్ష్యంలా ఉంటుంది అన్నారు.

"నేను ఆయనతో మాట్లాడేది ఆ అబ్బాయి దీపం వెలుగులోనా?" అంది పిన్ని, అతనితో. "ఒకసారి పొరపాటున విన్నారు. దానికే ఒక మనిషి పరువు పోయింది. ఇక కావాలని వినిపించమంటే ఎలా?"

అన్ని రోజులూ ఇంత తేటగా ఉండేది కాదు. ఒక సాయంత్రం అతను పని నుంచి వస్తూ ఆమెను చూడ్డానికి ఆగితే, అరల మధ్య ముక్కాలిపీట మీద ఊరికే కూర్చుని ఉంది. ఏమైంది పిన్నీ అని అడిగాడు.

"ఇవాళ నోరు పెగల్లేదురా. బస్సు పేరు చెప్పుకున్నాను, ఊరుకున్నాను. ఆయనకి నేను వినపడుతున్నానో లేదో తెలియలేదు. ఆ మైకే నయం, కనీసం ఊరికి వినపడింది."

"మరి మానెయ్యకపోయావా ఇవాళ్టికి?"

"మానెయ్యలేదుగా. బస్సు పేరైతే చెప్పాను."

అంతలో పైన రికార్డు గొంతు ఏదో బస్సును పిలిచింది. ఆమె మాట ఆపి, తల కొద్దిగా వంచింది. పెదవులు కదిలాయి, శబ్దం రాలేదు. అయ్యాక, ఎక్కడ ఆపిందో అక్కడి నుంచే మాట అందుకుంది. అప్పుడు గమనించాడు అతను. ఇప్పుడు బస్సుల్ని పిలిచేది యంత్రం. వాటిని సాగనంపేది మాత్రం ఇంకా ఈమే. ఎక్కమన్నది తాను కాకపోయినా, మొహం తిప్పుకోవడం ఆమె చేత కావడం లేదు.

వానలు తగ్గాక ఒకసారి డ్రైవరు కౌంటరు ముందు కనపడ్డాడట. దాచుకోవడానికి అతని చేతిలో సామానేమీ లేదు. అటూ ఇటూ చూసి, "పాపకి చెవి ఆపరేషనక్కా, ఎల్లుండి" అన్నాడట. "లోపల చెప్పుకో. లోపలే." అనేసి, ఆమె జవాబు వినకుండానే వెళ్ళిపోయాడట. కండక్టరు మాత్రం ఇప్పటికీ ఆమెను చూస్తే నోటి మీద వేలు పెట్టుకుని దాటిపోతాడు. అది వెక్కిరింపో మర్యాదో ఆమెకే తెలియదు.

ఇటు అతని ఇంట్లో, పిల్ల ప్రార్థన పూర్తిగా మానేసింది. ఒక కన్నుతో కూడా చెయ్యడం లేదు. భోజనం దగ్గర తల్లి కళ్ళు మూసుకుంటే, ఈ పిల్ల ఆ పక్కకి చూస్తుంది. గట్టిగా చెప్పాలో ఊరుకోవాలో అతనికి తెలియలేదు. మందు తక్కువైతే జబ్బు తగ్గదు, ఎక్కువైతే మనిషి తట్టుకోలేడు. కొలత తెలియని మందు అతని చేతికి ఎప్పుడూ రాలేదు. ఒక శనివారం పొద్దున్నే, సామాన్ల గది తెరిచే వేళకి వెళ్ళి నిలబడ్డాడు.

"పిల్ల మానేసింది పిన్నీ."

"ఎవరేమన్నారు?"

"ఎవరూ ఏమీ అనక్కర్లేదు. దానికే సిగ్గేస్తోంది. నిన్ను చూసి కూడా భయపడిందేమో. ప్రార్థన చేస్తే ఇలా అవుతుందనుకుందేమో. కూర్చోబెట్టి చేయించమంటావా, వదిలెయ్యమంటావా?"

ఆమె గొడుగుల గుట్టలోంచి ఒకటి తీసి, దులిపి, అరలో పెట్టింది. తొందరపడలేదు.

"నువ్వు ఎక్కడ చేసుకుంటావు?"

"నా గదిలో."

"పిల్ల ఎప్పుడైనా చూసిందా?"

అతను ఆలోచించాడు. "లేదు."

"మీ ఆవిడ?"

"మాట వినపడి ఉంటుంది. చూడలేదు."

"మరి కనపడని మనిషివి, ఆ పసిదాన్ని బడిలో అందరి ముందూ చెయ్యమంటావేంట్రా?" అంది. గొంతులో కోపం లేదు. "దాన్ని ఏమీ అడక్కు. చేశావా లేదా అని అసలు అడక్కు. నువ్వు చేసుకో. రోజూ చేసుకో, మాట రాని రోజు కూడా ఊరికే కూర్చో. గదికి గడియ పెట్టుకోకు. అలాగని పిల్ల చూడాలని తలుపు బార్లా తెరిచి కూర్చోకు, దానికి తెలిసిపోతుంది. తలుపు దగ్గరగా వేసి ఉంచు. వస్తే పక్కకి జరిగి కాస్త చోటివ్వు. రాకపోతే పిలవకు. కళ్ళు తెరిచి, వచ్చిందా అని మాత్రం చూడకు."

పైన రికార్డు గొంతు మొదటి బస్సును పిలిచింది. ఆమె తల వంచింది. అతను వెళ్ళిపోలేదు. ఆ ఇరుకు కౌంటరుకి ఇవతల, వచ్చేపోయే జనం మధ్యలో నిలబడి, తానూ తల వంచాడు.

ఇప్పుడు రోజూ పొద్దున్న, పిల్ల బడికి తయారయ్యే వేళకి, అతని గది తలుపు దగ్గరగా వేసి ఉంటుంది. ఒక్కోరోజు చిన్న పాదాల చప్పుడు గుమ్మం దాకా వస్తుంది, ఆగుతుంది. లోపలికి వచ్చిందో వెనక్కి పోయిందో అతనికి తెలియదు. పిన్ని చూడకు అంది గనక, చూడడం లేదు.